సజ్జ మీది గీజరు, సీలింగు చాటున ఏసీ పైపు: ఇల్లు నానకుండా ఎలా చూసుకోవాలి

మన ప్రాంతంలో మట్టి మిద్దెలూ పెంకుటిళ్లూ తగ్గి స్లాబు ఇళ్లు పెరిగిన తరువాత అటక అనే మాట అంతగా వినబడడం లేదు గాని, అటక చేసే పని ఆగలేదు. అది బాత్‌రూము సజ్జ మీదికి, ఫాల్స్ సీలింగుకూ స్లాబుకూ మధ్యనున్న జానెడు ఖాళీలోకి మారింది. నల్లగొండలోనైనా, మహబూబ్‌నగర్‌లోనైనా, మిర్యాలగూడ, జడ్చర్ల వంటి పట్టణాల్లోనైనా కొత్తగా కట్టిన ఇంటిని చూస్తే గీజరు సజ్జ మీద ఉంటుంది, ఏసీ నీళ్ల పైపు సీలింగు లోపలి నుండి పోతుంది. ఇవి కంటికి కనబడకుండా ఉండడం అందంగానే ఉంటుంది. అయితే కంటికి కనబడని చోట కారిన నీరు మనకు తెలిసేసరికి గిలాబు ఉబ్బి, సీలింగు మీద టీ మరకలాంటి వలయం తేలి, స్లాబు లోపలి ఇనుము తుప్పు పట్టడం మొదలై ఉంటుంది.

మా ఇంట్లో ఈ సంగతి ఆలస్యంగానే తెలిసింది. బాత్‌రూము సజ్జ మీద గీజరు పక్కనే అమ్మ తన పాత రేకు పెట్టెను పెట్టుకున్నది. పట్టాదారు పాసుపుస్తకం, మా అన్నదమ్ముల పదో తరగతి మెమోలు, నాన్న పింఛను కాగితాలు అన్నీ అందులోనే ఉండేవి. ఒక దీపావళికి ఇల్లు సర్దుతూ పెట్టెను కిందికి దించితే అడుగు రేకు తుప్పుపట్టి వేలికే ఊడి వచ్చింది. లోపలి కాగితాలు అట్టలా ఒకదానికొకటి అంటుకుపోయాయి. మెమో మీది ముద్ర సిరా కరిగి ఊదా మరకగా పరుచుకున్నది. మెకానిక్ వచ్చి చూసి గీజరులో ఏ లోపమూ లేదని చెప్పాడు, అది నిజమే. నీరు కాగినప్పుడల్లా దాని సేఫ్టీ వాల్వు నుండి రెండు చుక్కలు రాలడం సహజం. ఆ చుక్కలు ఎటు పోవాలో బిగించిన రోజున ఎవరూ ఆలోచించలేదు. అప్పటి నుండి నేను పట్టుకున్న సూత్రం ఒక్కటే: యంత్రం ఎంత మంచిదైనా దాని నుండి నీరు వస్తుంది, వచ్చిన నీరు మనకు కనిపించే చోటే పడాలి. కింద చెప్పే పనులన్నీ దాని కోసమే.

మొదట పైకెక్కి చూడండి

పని మొదలుపెట్టే ముందు కరెంటు బోర్డులో గీజరు ఎంసీబీని (భారం ఎక్కువైతే తనంతట పడిపోయే స్విచ్), ఏసీ ఎంసీబీని ఆపేయండి. గట్టి నిచ్చెన, టార్చి, పొడి గుడ్డ, నాలుగు పాత దినపత్రికలు దగ్గర పెట్టుకోండి. సజ్జ మీద ఉన్న పరుపులు, బొంతలు, పెట్టెలు, సంచులు అన్నీ దించి, గీజరు కిందా చుట్టూ ఉన్న చోటును పూర్తిగా ఖాళీ చేయండి; దాన్ని మళ్లీ ఎప్పుడూ నింపవద్దు. తడిని ముందు దాచిపెట్టేవి ఆ బొంతలే.

ఫాల్స్ సీలింగులో పైకి చూడడానికి మూత లేకపోతే, గీజరు కింద ఒకటి, ఏసీ పైపు జాయింటు ఉన్న చోట ఒకటి, చదరంగా ఒకటిన్నర అడుగు కొలతతో కోయించి తలుపు పెట్టించండి. సీలింగు అందం చెడుతుందని చాలామంది దీనికి ఒప్పుకోరు. కాని తలుపు లేని సీలింగులో ఒక వాషర్ మార్చాలన్నా సీలింగునే పగలగొట్టాలి. పైగా ఎవరూ చూడరు గనుక మార్చవలసిన సంగతి కూడా తెలియదు. నన్నడిగితే మిగతా పనులన్నిటికంటే ముందు చేయవలసింది ఇదే.

పైకి చేరాక ఏ పైపు ఎక్కడి నుండి వచ్చి ఎక్కడికి పోతున్నదో ఫోనుతో ఫొటోలు తీసి పెట్టుకోండి. ప్రతి జాయింటునూ పొడి గుడ్డతో తుడిచి, దాని కింద దినపత్రిక పరిచి, గీజరును మళ్లీ మామూలుగా వాడుతూ మరునాటి దాకా వదిలేయండి. చుక్క ఆరిపోయినా కాగితం మీద ముడత, అంచున గోధుమరంగు గీత మిగులుతాయి. గుడ్డితనంగా తడిమితే దొరకని సన్నని కారుడు ఈ విధంగా కచ్చితంగా బయటపడుతుంది.

ఏసీ నీటికి వాటం, దారి

ఏసీ గదిని చల్లబరిచేటప్పుడు గాలిలోని తేమ లోపలి కాయిల్ మీద మంచు నీరులా చేరి, కింది ట్రేలోకి జారి, అక్కడి నుండి పైపు ద్వారా బయటికి పోతుంది. మన దగ్గర ఏప్రిల్, మే నెలల ఎండ పొడి ఎండ కాబట్టి, ఏసీ రోజంతా నడిచినా పైపు నుండి నీరు తక్కువే వస్తుంది. తొలకరి పడి గాలిలో ఉక్క పెరిగితే అదే ఒకటిన్నర టన్నుల ఏసీ గంటకు లీటరు నీరు, ఒక్కోసారి అంతకంటే ఎక్కువ వదులుతుంది. అందుకే ఎండాకాలమంతా బాగా పనిచేసిన ఏసీ జూన్, జూలైలలో హఠాత్తుగా గోడ మీద కారుతుంది. పైపులో పూడిక ముందు నుండే ఉంటుంది, నీరు పెరిగాక గాని అది బయటపడదు. కాబట్టి ఈ పరీక్షను రోహిణి కార్తెలోనే, మనవాళ్లు మిరుగం అనే మృగశిర రాకముందే ముగించండి.

పరీక్ష తేలికైనదే. ఏసీని ఆపి, ముందు మూత ఎత్తి, ఫిల్టరు జాలీలు తీసి కడగండి. ఆ తరువాత ఒక లీటరు సీసాతో కాయిల్ అడుగున ఉన్న ట్రేలోకి మెల్లగా, వైర్లూ సర్క్యూటు డబ్బా ఉన్న వైపు పడకుండా, నీరు పోయండి. ఇది మీకు ధైర్యంగా లేకపోతే సర్వీసుకు వచ్చిన మెకానిక్ చేతనే మీ ఎదుట పోయించండి. ఇంకొకరు బయట పైపు కొన దగ్గర నిలబడాలి. పోసిన నీరు ఆగకుండా ధారగా వచ్చి దాదాపు అంతా బయటపడితే దారి బాగున్నట్టు. చుక్కచుక్కగా వచ్చినా, గుడగుడమని ఆగి ఆగి వచ్చినా పైపులో జిగురు పాచి పేరుకున్నదనో, పైపు ఎక్కడో ఉయ్యాలలా కిందికి వేలాడుతున్నదనో అర్థం చేసుకోవాలి.

పాచి అయితే బయటి కొన నుండి వ్యాక్యూమ్‌తో లాగించవచ్చు, లేదా మెకానిక్ బ్లోయరుతో ఊదిస్తాడు. వాటం తప్పితే మాత్రం ఊదడం వల్ల లాభం లేదు, పైపును సరిచేయక తప్పదు. నీళ్ల పైపు ప్రతి మీటరుకు కనీసం ఒక సెంటీమీటరు చొప్పున బయటి వైపుకు దిగుతూ ఉండాలి. సీలింగు లోపల ముడతల ఫ్లెక్సిబుల్ పైపు వాడితే రెండేళ్లకే మధ్యలో కుంగి, కుంగిన చోట నీరు నిలిచి, ఆ నీటిలో పాచి పెరుగుతుంది. గట్టి పీవీసీ పైపు వేయించి, మూడడుగులకొక క్లిప్పు కొట్టించండి. మేస్త్రులు వాడే రసమట్టాన్ని పైపు మీద పెట్టి, బుడగ ఏ వైపుకు పోతున్నదో సీలింగు మూయకముందే మీ కళ్లతో చూసుకోండి. మూసిన తరువాత ఎవరు ఎంత నమ్మకంగా చెప్పినా చూసుకునే వీలుండదు.

పైపు బయటి కొన సంగతి కూడా పట్టించుకోవాలి. మన దగ్గర కుమ్మరి పురుగు గోడ పక్కన ఏ కన్నం కనబడినా మట్టితో గూడు కడుతుంది. చలికాలంలో నాలుగు నెలలు వాడని ఏసీ పైపు దానికి సిద్ధంగా దొరికిన ఇల్లు. మహబూబ్‌నగర్‌లో మా మేనత్త ఇంట్లో ఏసీ పైపు కొనలో వేలెడు పొడవున గట్టిపడిన మట్టిని నేనే ఇనుప ఊచతో పొడిచి తీశాను. కొనకు దోమల జాలీ ముక్క చుట్టి తీగతో కడితే పురుగూ బల్లీ దూరవు. ఆ జాలీని కూడా నెలకొకసారి కడగాలి. చెట్లకు పోద్దామని ఆ నీటిని బకెట్‌లో పట్టేవాళ్లు పైపు కొన నీటిలో మునగకుండా చూసుకోవాలి. కొన మునిగితే లోపల గాలి ఇరుక్కుని నీరు వెనక్కి తన్ని, గదిలోనే కారుతుంది.

పైపు బాగున్నా సీలింగు తడుస్తుంటే రెండు కారణాలు చూడాలి. సీలింగు లోపలి నుండి పోయే రాగి గొట్టం మీద నల్లటి రబ్బరు తొడుగు చిరిగితే, ఉక్క రోజుల్లో గొట్టానికి చెమట పట్టి సీలింగు పీఓపీ (ప్లాస్టర్ ఆఫ్ ప్యారిస్) మీద రాలుతుంది. చిరిగిన చోటునే కాకుండా రెండు వైపులా అడుగు మేర కొత్త తొడుగు వేయించి టేపు బిగించాలి. రెండోది, ఫిల్టరు మూసుకుపోయినా గ్యాసు తగ్గినా కాయిల్ మీద మంచు గడ్డ కడుతుంది. ఏసీ ఆపాక అదంతా ఒక్కసారిగా కరిగితే ట్రే పట్టదు. ఏసీ ఆపిన పావుగంటకు నీరు కారుతుంటే ఈ కారణాన్నే ముందు అనుమానించండి. ఫిల్టరును వాడకం రోజుల్లో పదిహేను రోజులకొకసారి కడగడం దీనికి సగం మందు. 2020 నుండి స్టార్ లేబుల్ ఉన్న గది ఏసీలు 24 డిగ్రీల దగ్గరే మొదలయ్యేలా తయారు చేయాలన్న నియమం వచ్చింది. ముసురు రోజుల్లో ఆ అంకెను 18కి దించకుండా ఉంటే గొట్టాలకు పట్టే చెమట కూడా తగ్గుతుంది.

హాలులో సీలింగు లోపలే యంత్రమంతా ఉండే డక్టు ఏసీ గాని, దుకాణాల్లో కనిపించే క్యాసెట్ ఏసీ గాని ఉంటే, యంత్రం కింద రెండో ట్రే ఒకటి అడిగి పెట్టించుకోండి. ఆ ట్రేకు వేరే పైపు వేసి, దాని కొన కిటికీ మీద మీరు రోజూ చూసే చోట తేలేలా చేయండి. ఆ కొన నుండి ఎప్పుడు చుక్క రాలినా అసలు దారి మూసుకుపోయిందని అర్థం. నీరు నిండగానే యంత్రాన్ని తనంతట ఆపేసే ఫ్లోట్ స్విచ్ కూడా దొరుకుతుంది.

గీజరు: చుక్కను మూయవద్దు, నడిపించండి

నీరు కాగితే వ్యాకోచిస్తుంది. 25 డిగ్రీల నీటిని 65 డిగ్రీలకు కాచితే, 25 లీటర్ల ట్యాంకులో దాదాపు నాలుగు వందల మిల్లీలీటర్ల నీరు అదనంగా చోటు కోరుతుంది. గీజరు చన్నీటి గొట్టానికి బిగించే సేఫ్టీ వాల్వు నీటిని వెనక్కి పోనివ్వదు; అందువల్ల పెరిగిన నీటిలో కొంత ఆ వాల్వు పక్కనున్న చిన్న నోటి నుండి బయటికి వస్తుంది. ఇది లోపం కాదు, ట్యాంకును పగలకుండా కాపాడే ఏర్పాటు. ఈ సంగతి తెలియక ఆ నోటిని ఎం-సీల్ ముద్దతో మూసేసిన ఇళ్లను నేను రెండింటిని చూశాను. ఒక ఇంట్లో ట్యాంకు అతుకు విడిపోయింది; రెండో ఇంట్లో సమయానికి చూసి తీయించాము. దయచేసి ఆ నోటిని ఎవరినీ మూయనివ్వకండి.

చేయవలసింది ఇది. వాల్వు నోటికి సరిపడే సన్నని పారదర్శక గొట్టాన్ని తొడిగి, క్లిప్పుతో బిగించి, ఎక్కడా పైకి లేవకుండా కిందికి దించి, దాని కొనను బాత్‌రూము నేల మీది జాలీకి జానెడు పైన వదలండి. కొనకు మూత గాని ట్యాపు గాని పెట్టకూడదు. స్నానానికి వెళ్లిన ప్రతివారికీ అది కనబడుతుంది. గీజరు కాగేటప్పుడు నాలుగు చుక్కలు పడితే మంచిదే. స్విచ్ వేయకపోయినా రోజంతా కారుతుంటే వాల్వులో సున్నం ఇరుక్కున్నదని గాని, నీటి ఒత్తిడి ఎక్కువైందని గాని గుర్తించాలి. రెండు మూడు నెలలకొకసారి, నీరు చల్లగా ఉన్నప్పుడు, వాల్వు మీది చిన్న పిడిని ఎత్తి దించండి; ఎత్తితే నీరు రావాలి, దించితే ఆగాలి. ఈ రెండింటిలో ఏది జరగకపోయినా వాల్వును మార్చడమే మంచిది.

ఒత్తిడి విషయంలో ఒక లెక్క గుర్తుంచుకోండి. పది మీటర్ల ఎత్తున్న నీరు సుమారు ఒక బార్ ఒత్తిడి ఇస్తుంది. రెండంతస్తుల ఇంటి మీది ట్యాంకు వల్ల గీజరుకు వచ్చే భారం తక్కువే. షవరు జోరు కోసం ప్రెషర్ పంపు పెట్టినవారు మాత్రం గీజరు మీది రేకు పట్టీలో ఎన్ని బార్‌లు రాసి ఉన్నాయో చూసి, పంపు దాని కంటే బాగా తక్కువలో ఆగేలా పెట్టించాలి. ఐఎస్ఐ గుర్తు లేని గీజరును చవకగా వస్తున్నదని సజ్జ మీదికి ఎక్కించవద్దు.

తరువాత ట్రే. దీని కోసం పెద్ద దుకాణాలకు పోనక్కరలేదు. రేకు పని చేసేవారి దగ్గర జీఐ (జింకు పూత ఉన్న ఇనుప) రేకుతో, గీజరు కంటే అన్ని వైపులా మూడు అంగుళాలు ఎక్కువ, లోతు రెండు అంగుళాలు ఉండేలా మడిపించండి. ఒక మూలన అడుగుకు ఆనుకుని ముప్పావు ఇంచు పైపు అతికించమనండి. ట్రేను ఆ మూల వైపు కాస్త వాలేలా సజ్జ మీద అమర్చి, పైపును బాత్‌రూములోకి దించండి. గీజరును బిగించకముందే ట్రేలో రెండు చెంబుల నీరు పోసి అంతా దిగిపోయిందో లేదో చూడండి. ఈ ట్రే మా ఇంట్లో ముందే ఉండి ఉంటే ఆ మెమోలు ఈ రోజుకూ చదవగలిగేలా ఉండేవి.

సజ్జ తక్కువ ఎత్తులో ఉందని, నిలువుగా బిగించవలసిన గీజరును అడ్డంగా పడుకోబెట్టడం కూడా చూస్తున్నాము. అట్లా చేస్తే లోపల గాలి నిలిచి, కాయిల్ నీటిలో పూర్తిగా మునగక మాడుతుంది. అతుకుల మీద పడకూడని భారం పడుతుంది. సజ్జ కోసం అడ్డం మోడల్‌నే కొనండి. గొట్టాలు ఏ వైపుకు రావాలో కూడా ముందే చూసుకోండి. నీటితో నిండిన 25 లీటర్ల గీజరు బరువు ముప్పై అయిదు కిలోలకు తక్కువ ఉండదు, కాబట్టి దాన్ని గోడకు ఆన్చేవారు గిలాబులో కాకుండా ఇటుకలోపలికి దిగే యాంకర్ బోల్టులే వాడాలి.

గీజరుకూ గోడకూ మధ్య బిగించే జడ పైపులే తరచుగా పగిలేవి. పై అల్లిక మెరుస్తూనే ఉంటుంది, లోపలి రబ్బరు మాత్రం వేడికి పెళుసుబారుతుంది. అల్లికలో ఒక తీగ తెగినా, నట్టు దగ్గర తుప్పు కనబడినా, ఏమీ కనబడకపోయినా సరే అయిదేళ్లకొకసారి రెండింటినీ మార్చండి. బిగించేటప్పుడు చేత్తో తిప్పి, పానతో అర చుట్టు మాత్రమే బిగిస్తే చాలు. బలమంతా పెడితే వాషర్ నలిగి అక్కడే కారుతుంది. వేడి నీటి వైపు మామూలు పీవీసీ పైపు అసలు వాడకూడదు, అది అరవై డిగ్రీల దగ్గరే మెత్తబడుతుంది, వేడిని తట్టుకునే సీపీవీసీ పైపు వేయించాలి.

ఇక మన నీళ్ల గురించి. నల్లగొండ నీళ్లనగానే అందరికీ ఫ్లోరైడ్ గుర్తుకు వస్తుంది గాని, గీజరును పాడుచేసేది ఫ్లోరైడ్ కాదు, బోరు నీటిలోని కాల్షియం, మెగ్నీషియం లవణాలు. మిషన్ భగీరథ నీరు తాగడానికి వచ్చినా, పై ట్యాంకు నింపడానికి చాలా ఇళ్లలో ఇప్పటికీ బోరే దిక్కు. ఆ లవణాలు కాగి సున్నంగా మారి, కాయిల్ మీద పెంకులా గట్టిపడతాయి, వాల్వు మూయకుండా అడ్డుపడతాయి. ట్యాంకులో మెగ్నీషియం కడ్డీ ఒకటి ఉంటుంది. అది తాను కరుగుతూ ట్యాంకు రేకుకు తుప్పు పట్టకుండా కాపాడుతుంది. కడ్డీ పూర్తిగా అరిగిపోయిన తరువాత తుప్పు ట్యాంకు మీదికి మళ్లుతుంది. కాబట్టి బోరు నీరు వాడే ఇళ్లలో ఏడాదికొకసారి గీజరును విప్పించి సున్నం తీయించండి, కడ్డీని మీ చేతిలోకి తీసుకుని చూడండి. సగానికి పైగా అరిగి లోపలి తీగ కనబడితే కొత్తది వేయించండి. వేడిని 55, 60 డిగ్రీల మధ్య ఉంచితే సున్నం పేరుకోవడం తగ్గుతుంది.

ఊరికి పోయే ముందు

బతుకమ్మకో దసరాకో ఇంటికి తాళం వేసి నాలుగు రోజులు ఊరికి పోతాము. గీజరులో ఉన్నది 25 లీటర్లే కదా అనిపిస్తుంది. కాని జడ పైపు పగిలితే వచ్చేది గీజరులోని నీరు మాత్రమే కాదు, మిద్దె మీది వెయ్యి లీటర్ల ట్యాంకు మొత్తం ఆ కన్నం నుండే దిగుతుంది. బోరు మోటారుకు ఆటోమేటిక్ స్టార్టర్ ఉంటే ట్యాంకు ఖాళీ అయిన కొద్దీ మళ్లీ నిండుతూనే ఉంటుంది. బయలుదేరే ముందు మోటారు ఆటోమేటిక్‌ను ఆపి, ట్యాంకు నుండి ఇంటికి దిగే గేట్ వాల్వును మూసి, గీజరు ఎంసీబీని దించండి. ఏళ్ల తరబడి తిప్పని గేట్ వాల్వు అవసరానికి తిరగదు, అందుకని నెలకొకసారి మూసి తెరవడం అలవాటు చేసుకోండి. ఆ వాల్వు ఎక్కడున్నదో ఇంట్లో పెద్దవాళ్లకూ పిల్లలకూ చూపించి, దాని మీద ఎర్ర రంగు పూయండి.

నీరు ఇప్పటికే కారుతుంటే

చేతులు పొడిగా ఉన్నాయో లేదో చూసుకుని, బోర్డు తడవకపోతేనే ఎంసీబీలు దించండి. బోర్డు మీదికే నీరు చేరితే దాన్ని ముట్టకుండా కరెంటు పనివారిని పిలవండి. గీజరు లైనుకు 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే తనంతట ఆపేసే స్విచ్) లేని ఇళ్లలో ఈ జాగ్రత్త రెండింతలు అవసరం. తరువాత మిద్దె ఎక్కి గేట్ వాల్వు మూయండి. గీజరులో మిగిలిన నీరు మరిగేంత వేడిగా ఉండవచ్చు, చల్లబడేదాకా వాల్వు పిడి ఎత్తవద్దు. సీలింగు కడుపులా ఉబ్బి వేలాడుతుంటే ఆ గదిలోని పిల్లలను బయటికి పంపి, కింద టబ్బు పెట్టి, పక్కకు నిలబడి, పొడవాటి కర్రకు కట్టిన స్క్రూడ్రైవరుతో ఉబ్బు మధ్యలో చిన్న కన్నం పొడవండి. నీరు దిగిపోతే తడిసిన పీఓపీ బరువు తగ్గి, పలకంతా ఒక్కసారి మీద పడే ప్రమాదం తప్పుతుంది.

ఇంతవరకు వచ్చిన తరువాత చాలామంది వారం తిరక్కుండానే పుట్టీ పెట్టి రంగు వేయిస్తారు, మూడు నెలలకు రంగు పొక్కులు లేస్తుంది. తడిసిన భాగం వరకు సీలింగును కోసి తీయించి, స్లాబు కనబడేలా వదిలి, ఫ్యాను పెట్టి కిటికీలు తెరిచి ఆరనివ్వండి. స్లాబు నుండి పెచ్చులు ఊడి ఇనుప కడ్డీ కనబడితే ఉట్టి సిమెంటు పాలు పూయించకండి. మేస్త్రితో తుప్పు గీకించి, తుప్పు నిరోధక పూత వేయించి, ఆ తరువాతే పూడ్పించండి. ఆరిందా లేదా అన్నది చేత్తో తాకితే తేలదు. అడుగు చదరపు పారదర్శక ప్లాస్టిక్ కవరును నాలుగు అంచులా టేపు వేసి స్లాబుకు అతికించి, ఒక పగలూ ఒక రాత్రీ వదలండి. లోపలి వైపు చెమర్చి సన్నని చుక్కలు కనబడితే ఇంకో వారం ఆగి మళ్లీ అతికించి చూడండి. కవరు పొడిగా వచ్చిన రోజున రంగు మేస్త్రికి కబురు చేయవచ్చు.